తన పుప్పొడితో తానే గింజ కట్టే మొక్కలు

పాఠంలోకి వెళ్లే ముందు ఒక దృశ్యం గుర్తు తెచ్చుకోండి. కరీంనగర్, వరంగల్ ప్రాంతాల్లో హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలాలు చాలా ఉన్నాయి. వరి పూతకు వచ్చిన ఆ వారం, పది రోజులు పొద్దున తొమ్మిది, పది గంటలయ్యేసరికి ఇద్దరు మనుషులు ఒక పొడవాటి తాడు పట్టుకుని చెరొక గట్టున నిలబడతారు. వెన్నులను తాకేలా తాడు లాగుతూ పొలం ఈ కొస నుంచి ఆ కొసకు నడుస్తారు. అరగంట ఆగి మళ్లీ లాగుతారు. ఇలా రోజుకు మూడు నాలుగు సార్లు. మీలో కొందరు ఆ కూలికి వెళ్లే ఉంటారు.

కొంత దూరం పోతే మామూలు వరి పొలం కనిపిస్తుంది. అదీ పూతలోనే ఉంటుంది. దాని మీద ఎవరూ తాడు లాగరు. గాలి వీచినా, వీచకపోయినా, తేనెటీగ వాలినా, వాలకపోయినా అందులో గింజ నిండుగా కడుతుంది.

రెండూ వరే కదా! ఒకదానికి తాడు ఎందుకు కావలసి వచ్చింది? రెండోదానికి ఎందుకు అక్కరలేదు? ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే, వచ్చే ఏడాదికి మీరు ఇంట్లో దాచుకున్న విత్తనం నమ్మదగినదా కాదా అన్న ప్రశ్నకు కూడా జవాబు దొరుకుతుంది. పొలం మీద బతికే కుటుంబానికి రెండో ప్రశ్న చిన్నది కాదు.

వరి పువ్వులో ఏం జరుగుతుంది?

వరికి పువ్వు ఉంటుందంటే కొందరు నవ్వుతారు. మందారం, ఉమ్మెత్తల్లాగా రంగురంగుల ఆకర్షణ పత్రాలు దానికి ఉండవు. కానీ వెన్నులో మీరు చూసే ప్రతి గింజా మొదట ఒక పువ్వే. రేపు ఊకగా మారే రెండు పచ్చని పొట్టులే ఆ పువ్వుకు తలుపులు. ఆ తలుపుల వెనుక ఆరు కేసరాలు ఉంటాయి. ఒక్కో కేసరం కొసన పుప్పొడి నిండిన సంచి ఉంటుంది. దీనిని పరాగకోశం అంటారు. మధ్యలో అండాశయం, దానిపైన కోడి ఈకల్లా విచ్చుకున్న రెండు కీలాగ్రాలు ఉంటాయి. అంటే మగ భాగం, ఆడ భాగం రెండూ ఒకే పువ్వులో ఉన్నాయి. ఇలాంటి పువ్వును ద్విలింగ పుష్పం అంటారు.

పుప్పొడి కీలాగ్రం మీదికి చేరడాన్ని పరాగ సంపర్కం అంటారని మీకు తెలుసు. ఒక పువ్వులోని పుప్పొడి అదే పువ్వు కీలాగ్రం మీద పడితే అది ఆత్మపరాగ సంపర్కం. మరో మొక్క నుంచి వచ్చి పడితే పరపరాగ సంపర్కం. పుప్పొడి పడగానే పని అయిపోయినట్లు కాదు. పరాగరేణువు మొలకెత్తి, సన్నని నాళంగా సాగి, అండాశయంలోకి దిగాలి. అందులోని పురుష బీజకణం స్త్రీ బీజకణంతో కలవాలి. ఈ కలయికే ఫలదీకరణం. రెండూ ఒకే మొక్కవి అయితే ఆత్మఫలదీకరణం. వరిలో రెండో పురుష బీజకణం కూడా ఊరికే పోదు. అది అండంలోని మరో రెండు కేంద్రకాలతో కలిసి, మనం అన్నంగా తినే తెల్లని పిండి భాగానికి పునాది వేస్తుంది.

వరిలో ఈ పని చాలా తొందరగా జరిగిపోతుంది. ఎండ పైకి వస్తున్నప్పుడు, సాధారణంగా తొమ్మిది గంటల నుంచి మధ్యాహ్నం లోపల, పొట్టుల అడుగున ఉన్న రెండు చిన్న పొలుసులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి. ఆ ఒత్తిడికి తలుపులు విచ్చుకుంటాయి. సరిగ్గా ఆ సమయానికే, కొన్నిసార్లు అంతకు కొంచెం ముందే, పరాగకోశాలు పగులుతాయి. పుప్పొడి తన కిందనే ఉన్న ఈకల మీద రాలుతుంది. సుమారు గంటలో తలుపులు మూసుకుంటాయి. కొన్ని గంటల్లో ఫలదీకరణం పూర్తవుతుంది. బయటికి రాలిన పుప్పొడికి ఆయుష్షు కొద్ది నిమిషాలే. అది పక్క మొక్కను చేరి, అక్కడ ఆ క్షణాన తెరిచి ఉన్న పువ్వులో పడే అవకాశం చాలా తక్కువ. అందుకే వరిలో పరపరాగ సంపర్కం సాధారణంగా నూటికి ఒకటి కూడా ఉండదు.

ఇక్కడ ఒక మాట. పొలంలో వెన్నుల మీద తెల్లగా, లేత పసుపుగా వేలాడే వాటిని చూసి మనం పూత వచ్చిందంటాం. నిజానికి అవి చాలావరకు పని ముగించుకుని బయట మిగిలిపోయిన ఖాళీ సంచులు. అసలు సంగతి లోపల అప్పటికే జరిగిపోయింది.

మీరే చేసి చూడండి

పూతకు వచ్చిన వరి పొలంలోకి పొద్దున ఎనిమిది గంటలకే వెళ్లండి. వెన్ను పై కొసన ఇంకా విచ్చుకోని ఒక పువ్వును సూదితో మెల్లగా విప్పండి. వరి వెన్ను పైనుంచి కిందికి పూస్తుంది కాబట్టి పై కొస దగ్గర వెతకడం తేలిక. ఆరు పసుపు సంచులు లోపలే ముడుచుకుని కనిపిస్తాయి. పదకొండు గంటలకు మళ్లీ వెళ్లి, అదే వెన్నులో తలుపులు తెరిచి ఉన్న పువ్వును భూతద్దంతో చూడండి. ఈకల మీద పొడి అంటుకుని ఉంటుంది.

రెండో ప్రయోగానికి కొంచెం ఓపిక కావాలి. పొట్టలోంచి అప్పుడే బయటపడి, ఇంకా పూయని వెన్ను ఒకటి ఎంచుకోండి. దానికి పలుచని కాగితపు సంచి తొడిగి, మూతి వదులుగా దారంతో కట్టండి. అలాగే మొక్కజొన్న చేలో పీచు ఇంకా బయటికి రాని లేత పొత్తు ఒకదానికి కూడా సంచి కట్టండి. ఇప్పుడు బయటి పుప్పొడి రెండింటికీ అందదు. రెండు వారాల తర్వాత విప్పి చూడండి. వరి వెన్నులో గింజలు కట్టి ఉంటాయి. సంచి లోపలి వేడికి కొన్ని తాలు పోయి ఉండవచ్చు, అది మామూలే. మొక్కజొన్న పొత్తు మాత్రం గింజలు లేకుండా బోసిగా ఉంటుంది.

మొక్కజొన్న అలా ఎందుకైంది? దానిలో మగ పూలు మొక్క తలమీద గుత్తిగా, ఆడ పూలు కింద కణుపు దగ్గర పొత్తుగా వేర్వేరుగా ఉంటాయి. పీచులోని ఒక్కో పోగు ఒక్కో గింజకు కీలం. తలమీది గుత్తి సాధారణంగా పీచు బయటపడే కంటే కొంచెం ముందే పుప్పొడి రాల్చడం మొదలుపెడుతుంది. కనుక పీచు మీద పడేది ఎక్కువగా ఇరుగుపొరుగు మొక్కల పుప్పొడే. దాన్ని మోసుకొచ్చేది గాలి.

తలుపు తీయని పువ్వులు

వరి పువ్వు గంటసేపైనా తలుపు తీస్తుంది. అసలు తీయని పువ్వులు కూడా ఉన్నాయి. చేలల్లో, తడి గట్ల మీద నీలం రంగు చిన్న పూలతో పెరిగే వెన్నదేవి అనే కలుపు మొక్కను మీరు పీకే ఉంటారు. శాస్త్రీయంగా దాని పేరు కొమ్మెలైనా బెంగాలెన్సిస్. మనకు కనిపించే నీలం పూలు కాక, దానికి నేల లోపల ఇంకొన్ని పూలు పూస్తాయి. అవి ఎప్పటికీ విచ్చుకోవు. మొగ్గలోనే పుప్పొడి కీలాగ్రాన్ని చేరి, మట్టిలోనే గింజలు తయారవుతాయి. పైన ఎంత పీకినా మళ్లీ మళ్లీ మొలిచే కలుపులకు ఉన్న బలాల్లో ఇదొకటి. ఇలా విచ్చుకోకుండానే ఫలదీకరణం జరగడాన్ని సంవృత సంయోగం అంటారు.

వేరుశనగ సంగతి వేరు. దాని పసుపు పువ్వు నేలపైనే, తెల్లవారే వేళకు విచ్చుకుంటుంది. కానీ కేసరాలు, కీలాగ్రం అడుగున ఉన్న రెండు ఆకర్షణ పత్రాల మధ్య మూసి ఉంటాయి. ఆ మూసిన చోటనే ఆత్మపరాగ సంపర్కం జరిగిపోతుంది. మధ్యాహ్నానికి పువ్వు వాడుతుంది. ఆ తర్వాత అండాశయం అడుగు భాగం ఊడలా సాగి నేలలోకి దిగి, అక్కడ కాయ అవుతుంది. విత్తిన 45 రోజుల తర్వాత వేరుశనగలో గుంటక తోలవద్దని చెప్పేది ఈ ఊడలు తెగకుండా ఉండటానికే. పువ్వు ఎవరి సాయమూ అడగదు కానీ, కాయకు మాత్రం కదపని నేల కావాలి.

వరికి కూడా ఒక బలహీనత ఉంది. తేనెటీగతో పని లేదు కదా అని పూత సమయంలో నిర్లక్ష్యం చేయకూడదు. పువ్వు విచ్చుకునే వేళ ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే పరాగకోశాలు సరిగా పగలవు, పుప్పొడి సరిగా మొలకెత్తదు. గింజ తాలు పోతుంది. దాళ్వా నాట్లు ఆలస్యమైతే పూత ఎండల్లో పడుతుందని పెద్దలు భయపడేది ఇందుకే. పూత మీద ఉన్న వరికి మందు కొట్టక తప్పకపోతే పొద్దున కాకుండా, తలుపులు మూసుకున్నాక, సాయంత్రం పూట కొట్టమనేది కూడా ఇందుకే.

దాచిన విత్తనం మళ్లీ అదే పంట ఎందుకు ఇస్తుంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. బాపట్ల పరిశోధన స్థానం నుంచి 1986లో విడుదలైన బీపీటీ 5204, అంటే సాంబ మసూరి, మీకు తెలియనిది కాదు. ఎందరో రైతులు ఇంటి విత్తనంతోనే దాన్ని ఏళ్లతరబడి పండించారు. అదే గింజ, అదే వంట. ఇది ఎలా సాధ్యమైంది?

దీనికి జవాబు బఠానీ మొక్కల దగ్గర దొరికింది. ఇప్పటి చెక్ దేశంలో ఉన్న బ్రనో పట్టణపు మఠంలో గ్రెగర్ మెండల్ అనే సన్యాసి 1856 నుంచి కొన్నేళ్లపాటు బఠానీల మీద ప్రయోగాలు చేసి, 1866లో ఫలితాలు అచ్చు వేయించాడు. ఆయన బఠానీని ఎంచుకోవడానికి ఒక కారణం, అది వరిలాగే మూసిన పువ్వులో ఆత్మఫలదీకరణం జరుపుకునే మొక్క కావడం. పొడవు రకాన్నీ పొట్టి రకాన్నీ సంకరం చేయాలంటే ఆయన మొగ్గలోనే కేసరాలు తీసివేసి, రెండో రకపు పుప్పొడిని చేతితో అద్దవలసి వచ్చింది.

సంకరం చేసిన విత్తనం నుంచి వచ్చిన మొక్కలన్నీ పొడవుగానే వచ్చాయి. వాటిని వాటి మానాన వదిలి, ఆత్మఫలదీకరణం జరగనిచ్చి, ఆ గింజలు విత్తాడు. 1064 మొక్కలు వచ్చాయి. వాటిలో 787 పొడవు, 277 పొట్టి. అంటే దాదాపు మూడింటికి ఒకటి. సంకరంలో దాగి ఉన్న పొట్టితనం మరుసటి తరంలో బయటపడింది.

ప్రతి లక్షణానికీ మొక్కలో రెండు జన్యువులు ఉంటాయి, ఒకటి తల్లి నుంచి, ఒకటి తండ్రి నుంచి. రెండూ ఒకే రకానివైతే ఆ మొక్క ఆ లక్షణంలో స్థిరమైనది. వేర్వేరువైతే మిశ్రమమైనది. స్థిరమైన మొక్క తనతో తాను కలిస్తే స్థిరమైన సంతానమే వస్తుంది. మిశ్రమమైన మొక్క తనతో తాను కలిస్తే సంతానంలో సగం స్థిరపడుతుంది, సగం మిశ్రమంగా మిగులుతుంది. మిగిలిన ఆ సగంలో మళ్లీ సగం తర్వాతి తరంలో స్థిరపడుతుంది. లెక్క వేసి చూడండి. మొదట నూటికి నూరు మిశ్రమంగా ఉంటే, ఒక తరం తర్వాత 50, ఆ తర్వాత 25, ఆపైన పన్నెండున్నర. ఆరు తరాలకు నూటికి రెండు కూడా మిగలవు. కొత్త వరి రకం తయారుచేసే శాస్త్రవేత్తలు సంకరం చేసిన తర్వాత ఏళ్లతరబడి ఎంపిక చేస్తూ పోయేది ఈ స్థిరత్వం కోసమే. ఒకసారి స్థిరపడిన రకం ఆత్మఫలదీకరణం వల్ల అలాగే నిలుస్తుంది. పువ్వు తలుపు మూసుకుంటుంది కాబట్టి బయటి జన్యువులు లోపలికి రావు.

విత్తన ధ్రువీకరణ నియమాల్లో ఈ తేడా అంకెల్లో కనిపిస్తుంది. మామూలు వరి విత్తనం పండించే మడికీ మరో వరి రకానికీ మధ్య 3 మీటర్ల దూరం ఉంటే చాలు. మొక్కజొన్నకు 200 మీటర్లు ఉండాలి.

మరి తాడు ఎందుకు?

హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు స్థిరమైన రకాలను కలిపి పుట్టించిన మొదటి తరం. మెండల్ పొడవు మొక్కల లాంటిదే. ఈ మొదటి తరానికి తరచుగా అదనపు బలం, అదనపు దిగుబడి ఉంటాయి. కానీ వరి పువ్వు వేరే పుప్పొడికి చోటు ఇవ్వదు కదా. ఎకరాల కొద్దీ విత్తనం కోసం కోట్ల పువ్వుల్లో కేసరాలను చేతితో తీయడం అయ్యే పని కాదు.

దారి చూపింది ఒక లోపం ఉన్న మొక్క. చైనాలో యువాన్ లాంగ్‌పింగ్ బృందానికి 1970లో హైనాన్ ద్వీపంలో ఒక అడవి వరి మొక్క దొరికింది. దాని పుప్పొడి పనికిరానిది. ఆ లోపాన్ని సాగు వరిలోకి తెచ్చి, సొంత పుప్పొడి లేని ఆడ వరుసలు తయారుచేశారు. 1976 నుంచి చైనాలో హైబ్రిడ్ వరి విస్తారంగా సాగైంది. మన దేశంలో మొదటి హైబ్రిడ్ వరి రకాలు 1994లో విడుదలయ్యాయి. వాటిలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చిన ఏపీహెచ్ఆర్ 1, ఏపీహెచ్ఆర్ 2 కూడా ఉన్నాయి.

ఇప్పుడు మీరు లాగిన తాడు అర్థమవుతుంది. ఆ పొలంలో కొన్ని వరుసలు పుప్పొడి లేని ఆడవి, పక్క వరుసలు పుప్పొడి ఇచ్చేవి. మగ వరుసల పుప్పొడి లేచి ఆడ వరుసల మీద పడాలి. ఉన్న సమయం ఆ గంటా రెండు గంటలే. తనంత తాను చేసుకునే పనిని వరి నుంచి తీసివేశాం, కాబట్టి ఆ పని మనిషి చేయాల్సి వచ్చింది. హైబ్రిడ్ విత్తనం ఖరీదులో ఆ కూలి కూడా ఉంది.

అటువంటి విత్తనం కొని పండించిన పంట నుంచి గింజ దాచి మళ్లీ విత్తితే ఏమవుతుంది? మొదటి తరం మొక్క తనతో తాను కలుస్తుంది. మెండల్ బఠానీల్లో జరిగిందే ఇక్కడా జరుగుతుంది, ఒక్క ఎత్తులో కాదు, ఎన్నో లక్షణాల్లో. కొన్ని పొడవు, కొన్ని పొట్టి. కొన్ని ముందు ఈనుతాయి, కొన్ని వెనుక. గింజ సైజు కలగాపులగం. ఒకేసారి కోతకు రాదు, దిగుబడి తగ్గుతుంది. రైతు దాచడంలో పొరపాటు చేశాడని కాదు. విత్తనం మొలకెత్తదని చెప్పేవాళ్లు కూడా ఉన్నారు, అదీ సరికాదు. మొలకెత్తుతుంది. మొలిచినవి ఒకేలా ఉండవు, అంతే.

దాచుకునే ముందు

2001లో చేసిన మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం ప్రకారం రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. రక్షణ పొందిన రకమైనా సరే, బ్రాండు పేరు పెట్టి అమ్మకూడదు అంతే. ఈ హక్కు హైబ్రిడ్‌కైనా మామూలు రకానికైనా ఒక్కటే. దాని వల్ల లాభం మాత్రం పువ్వును బట్టి ఉంటుంది. అందుకని సంచి మీద రకం అని ఉందా, హైబ్రిడ్ అని ఉందా కొనేటప్పుడే చదవండి. చదవడం నేర్చుకున్నందుకు ఇది ఒక మంచి ఉపయోగం.

వరి, వేరుశనగ, పెసర, మినుము రకాలు దాచుకోవడానికి అనువైనవి. అయినా మూడు నాలుగేళ్లకు ఒకసారి విత్తనం మార్చమంటారు. నూర్పిడి కళ్లంలో, గోనెసంచుల్లో, కోత యంత్రంలో వేరే గింజలు కలుస్తాయి. ఈ కల్తీకి పువ్వు బాధ్యత ఏమీ లేదు. పూతప్పుడు, కోతకు ముందు పొలంలో తిరిగి, ఎత్తులోనో వెన్నులోనో తేడాగా ఉన్న కేళీ మొక్కలను పీకేస్తే చాలావరకు సరిపోతుంది. కంది మధ్యరకం. అది తనంత తానూ గింజ కడుతుంది, తేనెటీగల ద్వారా పక్క చేను పుప్పొడినీ స్వీకరిస్తుంది. కాబట్టి కంది విత్తనాన్ని చేను మధ్య నుంచి, మంచి మొక్కల నుంచి ఎంచుకోవడం మేలు.

ఆత్మఫలదీకరణం అన్ని విధాలా మంచిదేనా అని మీరు అడగవచ్చు. చార్లెస్ డార్విన్ ఎన్నో జాతుల మొక్కలను రెండు విధాలా పెంచి, 1876లో ఒక పుస్తకం రాశాడు. చాలా జాతుల్లో ఆత్మఫలదీకరణం వల్ల పుట్టిన సంతానం పొట్టిగా, బలహీనంగా ఉందని చూపాడు. మొక్కజొన్నను బలవంతంగా అలా చేస్తే తరతరానికీ నీరసిస్తుంది. వరి అలా నీరసించదు. వేల ఏళ్లుగా తనతో తానే కలుస్తూ వచ్చినందువల్ల, దాగి ఉండి హాని చేసే జన్యువులు చాలావరకు ఎప్పుడో బయటపడి రాలిపోయాయి. కానీ చేనంతా ఒకే అచ్చు కావడంలో మరో ముప్పు ఉంది. ఒక మొక్కను పట్టగల తెగులు అన్ని మొక్కలనూ పట్టగలదు. ఊరంతా ఒకే రకం వేయవద్దని చెప్పేది ఇందుకే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి. రాయడం కష్టమనిపిస్తే పక్కవారితో చర్చించండి.

వరి వెన్నుకు సంచి కట్టినా గింజ కట్టింది. అదే సంచిని హైబ్రిడ్ విత్తన పొలంలోని ఆడ వరుస వెన్నుకు కడితే ఏమవుతుంది?

మీ పొరుగు రైతు మొక్కజొన్న హైబ్రిడ్ పంట నుంచి మంచి పొత్తులు ఏరి విత్తనానికి ఉంచాడు. ఆయన సాంబ మసూరి కూడా అలాగే ఉంచాడు. వచ్చే తొలకరికి ఏది విత్తవచ్చని చెబుతారు? ఎందుకు?

మీ ఇంట్లో ఇప్పుడు దాచి ఉన్న విత్తనాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఒక్కోదాని పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్ని పంటలుగా దాస్తున్నారో, దాని పువ్వు తలుపు మూసేదో తెరిచేదో రాయండి. తెలియని చోట ఖాళీ ఉంచి, పూత వచ్చినప్పుడు పొలానికి వెళ్లి చూసి నింపండి.